ఆహార కర్మాగారాల్లో జారిపడే ప్రమాదాలు: సూరత్ నుంచి గోదావరి తీరం వరకు

కర్మాగారంలో బాయిలరు పేలితే అది వార్త అవుతుంది. విషవాయువు లీకైతే అధికారులు పరుగున వస్తారు. తడి గచ్చు మీద ఒక కార్మికుడు జారిపడి తుంటి ఎముక విరిగితే మాత్రం ఆ సంగతి షిఫ్టు ముగిసేలోపే మరుగున పడుతుంది. ‘కాలు జారింది’ అన్న రెండు మాటలతో విచారణ పూర్తవుతుంది. గుజరాతీలో ‘పగ్ లపసీ గయో’ అన్నా, హిందీలో ‘పైర్ ఫిసల్ గయా’ అన్నా వాక్యంలో కర్త కాలే. నేల ఎలా ఉంది, దాని మీద ఏమి ఒలికింది, ఎవరు తుడవాలి, ఎప్పుడు తుడవాలి అన్న ప్రశ్నలకు ఈ మూడు భాషల వాక్యాల్లోనూ చోటు లేదు. చట్టం మాత్రం ముందుగా నేలనే ప్రశ్నిస్తుంది. ఆహార పరిశ్రమలో పనిచేసేవారు, వారి కుటుంబాలు తెలుసుకోవలసిన మొదటి విషయం ఇదే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పడిపోవడం వల్ల ఏటా దాదాపు 6,84,000 మంది మరణిస్తున్నారు. అనుకోని గాయాల మరణాల్లో రోడ్డు ప్రమాదాల తరువాతి స్థానం దీనిదే. ఈ మరణాల్లో 80 శాతానికి పైగా అల్ప, మధ్యాదాయ దేశాల్లోనే సంభవిస్తున్నాయి. ఇందులో ఇళ్లలో పడిపోయే వృద్ధులు, చెట్ల మీది నుంచి పడేవారు, కట్టడాల మీది నుంచి పడే కూలీలు అందరూ కలిసి ఉన్నారు. ఆహార కర్మాగారాల వాటా వేరుగా తేల్చలేము గాని, నీరు, నూనె, కొవ్వు, వేగం ఒకేచోట కలిసే పరిశ్రమ ఇంతకు మించి మరొకటి అరుదు.

వజ్రాల నగరంలో పాలు, చక్కెర, నూనె

సూరత్ పేరు చెప్పగానే వజ్రాలు, చీరలు గుర్తుకు వస్తాయి. అయితే ఈ నగరం, దాని చుట్టూ ఉన్న జిల్లా ఆహారోత్పత్తిలోనూ చిన్నవి కావు. 1951లో ఏర్పడిన సూరత్ జిల్లా సహకార పాల ఉత్పత్తిదారుల సంఘం, అంటే సుముల్ డెయిరీ, రైల్వేస్టేషనుకు దగ్గరలోనే ఉంది. దాని ముందు నుంచి పోయే రోడ్డుకు ఆ డెయిరీ పేరే స్థిరపడింది. బార్డోలీ, మఢీ, చల్థాణ్, సాయణ్‌లలో సహకార చక్కెర కర్మాగారాలు ఉన్నాయి. హజీరా తీరంలో వంటనూనెల శుద్ధి జరుగుతుంది. ఓల్పాడ్ ప్రాంతంలో రొయ్యల చెరువులు ఉన్నాయి. వీటికి తోడు గల్లీగల్లీకీ ఫర్సాణ్, మిఠాయి తయారీ యూనిట్లు ఉన్నాయి. శరత్ పూర్ణిమ మరునాడు వచ్చే చందీ పడ్వో పండుగకు నగరమంతా ఘారీ తింటుంది. కోవా, నేతితో చేసే ఆ మిఠాయి కోసం కార్ఖానాల్లో రాత్రింబవళ్లు పని సాగే రోజులవి.

ఈ నగరంలో తెలుగువారి ఉనికి దశాబ్దాల నాటిది. తెలంగాణ జిల్లాల నుంచి వలస వచ్చిన పద్మశాలీ కుటుంబాలు లింబాయత్ పరిసరాల్లో స్థిరపడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ పాఠశాలలు నడుపుతోంది. వీరిలో మరమగ్గాల పనివారే ఎక్కువ. అయినా రోజుకూలీ సంత పరిశ్రమల మధ్య గోడలు కట్టదు. మగ్గం ఆగిన నెలలో లోడింగు, ప్యాకింగు, పాత్రల శుభ్రత, ఏ పని దొరికితే ఆ పనికి వెళ్లక తప్పదు. అలా కొత్తగా వెళ్లినవారికి ఆ గచ్చు అలవాటు ఉండదు. ఏ మూల తడిగా ఉంటుందో, ఏ మెట్టు అరిగిపోయిందో తెలిసేలోపే వారాలు గడిచిపోతాయి. ఏ కర్మాగారంలోనైనా కొత్తవారికి మొదటి రోజులే ఎక్కువ ప్రమాదకరం.

నేల ఎందుకు జారుతుంది

నడిచేటప్పుడు మడమ నేలను తాకే క్షణంలో పాదానికి, నేలకు మధ్య పట్టు ఉండాలి. ఆ మధ్యలో పలుచని ద్రవపు పొర చేరితే చెప్పు అడుగుభాగం నేలను తాకదు, ద్రవం మీద తేలుతుంది. వాననీటి మీద వేగంగా వెళ్లే బండి చక్రాలు పట్టు కోల్పోవడం వంటిదే ఇది. ద్రవం ఎంత చిక్కగా ఉంటే ఆ పొర అంత సులువుగా తెగదు. కనుక నేల మీది సూక్ష్మమైన గరుకు ఆ పొరను చీల్చేంత ఎత్తుగా ఉండాలి.

బ్రిటన్ ఆరోగ్య, భద్రతా కార్యనిర్వాహక సంస్థ దీనికి ఉపయోగపడే కొలతలు ఇచ్చింది. మామూలు నీరు పడే చోట గరుకు కనీసం 20 మైక్రాన్లు ఉండాలి. పాలు లేదా సబ్బునీరు పడే చోట 45, ఆలివ్ నూనె వంటి నూనెలకు 70, మార్జరీన్ వంటి గట్టి కొవ్వులకు అంతకు మించి ఉండాలి. మనిషి తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. నీరు పడితే జారని నేల మీద పాలు పడితే జారడం, పాలకు జారని నేల మీద నెయ్యి పడితే జారడం ఎందుకో ఈ అంకెలు చెబుతాయి. ‘ఇన్నాళ్లూ ఇదే గచ్చు, ఎవరూ పడలేదు’ అనే యాజమాన్యం వాదన కూడా ఇక్కడే వీగిపోతుంది. గచ్చు అదే కావచ్చు. దాని మీద పడే పదార్థం మారితే అది వేరే గచ్చే.

ఒక్కో పరిశ్రమలో ఒక్కో రకం జారుడు ఉంటుంది. డెయిరీలో క్రేట్లు కడిగే చోట, క్యాన్లు దించే చోట నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది. పైపులను, ట్యాంకులను కాస్టిక్ సోడాతో, ఆమ్లంతో కడుగుతారు. పలుచబడిన కాస్టిక్ ద్రావణం కొవ్వుతో కలిస్తే సబ్బులా మారుతుంది. జారిపడ్డవారికి ఎముక దెబ్బతో పాటు చర్మం కాలడం కూడా జరగవచ్చు. చక్కెర మిల్లులో రసం, పాకం ఇనుప పలకల మీద ఒలికి మొదట జారుతాయి, ఆరిన తరువాత జిగటగా మారి చెప్పును పట్టేస్తాయి. ఒక అడుగు జారడం, మరో అడుగు అంటుకోవడం రెండూ మనిషిని పడేస్తాయి. బేకరీల్లో, పిండి మరల్లో నీరే అక్కరలేదు. పొడి పిండి గుండ్రని రేణువులుగా నేల మీద పరచుకుంటే అదే చాలు. ఆంధ్ర తీరంలో భీమవరం, విశాఖపట్నం, నెల్లూరు ప్రాంతాల రొయ్యల శుద్ధి కేంద్రాల్లో మహిళలు మంచునీటిలో గంటల తరబడి నిలబడి పనిచేస్తారు. చలికి పాదాలకు స్పర్శ తగ్గుతుంది, అడుగు ఎక్కడ పడుతోందో శరీరానికి సరిగా తెలియదు. వారికి ఇచ్చే గంబూట్లు కొలతకు పెద్దవైతే ప్రమాదం మరింత పెరుగుతుంది.

గుజరాత్, రాజస్థాన్ ప్రాంతాల కర్మాగారాల్లో కోటా రాయి పరచడం పరిపాటి. గట్టి రాయి, చవక, కడగడానికి అనువు. కొత్తలో దాని గరుకు బాగానే పట్టు ఇస్తుంది. ట్రాలీల చక్రాలు, వందల పాదాలు ఏళ్ల తరబడి తిరిగిన దారిలో అదే రాయి అద్దంలా నున్నబడుతుంది. పాలిష్ చేయించిన కోటా రాయి అయితే మొదటి రోజు నుంచే జారుతుంది. గదిలో ఏ దారి ఎక్కువ మెరుస్తోందో చూస్తే, ప్రమాదం ఎక్కడ జరగబోతోందో చాలావరకు చెప్పవచ్చు.

ఒకే గచ్చు, ఇద్దరు తనిఖీ అధికారులు

ఆహార భద్రతా ప్రమాణాల ప్రాధికార సంస్థ 2011 నాటి లైసెన్సింగ్ నిబంధనల నాలుగో షెడ్యూలు, ఆహారం తయారయ్యే చోట నేల, గోడలు నున్నగా, సులభంగా శుభ్రపడేలా ఉండాలంటుంది. నీరు పారేందుకు తగిన వాలు కూడా ఉండాలంటుంది. పగుళ్లలో, గరుకులో సూక్ష్మజీవులు చేరతాయన్నది దీని వెనుక ఉన్న సమంజసమైన భయం. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 32వ సెక్షన్ మరో మాట చెప్పింది. నేల, మెట్లు, నడవలు దృఢంగా ఉండాలి, అడ్డంకులు ఉండరాదు, మనుషులు జారిపడేలా చేసే పదార్థాలు వాటి మీద ఉండరాదు, అవసరమైన చోట చేతితో పట్టుకునే కమ్మీలు ఉండాలి. అదే చట్టం 11వ సెక్షన్, పని స్వభావం వల్ల నేల తడిసే చోట ఆ నీటిని బయటకు పంపే మురుగు ఏర్పాటు తప్పనిసరి అంది. 33వ సెక్షన్ నేలలోని గుంటలు, తొట్లు, ట్యాంకులు, రంధ్రాలకు గట్టి మూత లేదా కంచె ఉండాలంది.

నున్నదనం కోరే అధికారి ఒకరు, జారకూడదనే అధికారి ఒకరు. ఇద్దరూ వేర్వేరు రోజుల్లో వచ్చి అదే గచ్చును చూస్తారు. ఎగుమతి కోసం ధ్రువపత్రాలు కావలసిన కర్మాగారంలో మొదటివారి మాటే నెగ్గడం సహజం. తెల్లగా మెరిసే టైల్స్ ఫొటోల్లో బాగుంటాయి, కొనుగోలుదారు ప్రతినిధి చూసి సంతోషిస్తాడు. కడిగేవాడు మాత్రం వాటి మీదే నడవాలి.

ఈ రెండు అవసరాలూ ఒకదానికొకటి శత్రువులు కానక్కరలేదు. సన్నని ఇసుక రేణువులు కలిపిన పాలియురెథేన్ లేదా ఎపాక్సీ పూత వేస్తే నేలకు నీరు ఇంకదు, పట్టు కూడా ఉంటుంది. మీటరుకు ఒకటి రెండు సెంటీమీటర్ల వాలు, దగ్గరలోనే జాలీ మూతతో కాలువ ఉంటే నీరు నిలవదు. ఒలికే చోటే ఒలికినదాన్ని పట్టుకునే పళ్లెం పెడితే నేల దాకా రాదు. నేల ఎంత సురక్షితమో కొలవడానికి లోలకం పరీక్ష అనే పద్ధతి ఉంది. బ్రిటన్‌లో తడి నేల మీద ఈ పరీక్షలో 36, ఆపైన విలువ వస్తే జారే అవకాశం తక్కువగా పరిగణిస్తారు.

చెప్పుల విషయంలో ఒక అధ్యయనం ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. అమెరికాలో పాఠశాలల వంటశాలల్లో పనిచేసే సుమారు 17,000 మందిపై అక్కడి జాతీయ వృత్తి భద్రతా, ఆరోగ్య సంస్థ పరిశోధకులు పరీక్ష నిర్వహించారు. కొందరికి జారని అడుగు ఉన్న బూట్లు ఉచితంగా ఇచ్చారు. వారిలో తడి, జిడ్డు నేల మీద జారి గాయపడి పరిహారం కోరిన ఘటనలు 67 శాతం తగ్గాయి. ఇక్కడ ‘ఉచితంగా’ అన్న మాట కీలకం. జీతంలో కోత వేసి ఇచ్చే బూట్లను కార్మికుడు అరిగి చిల్లు పడేదాకా వాడతాడు. అడుగున గీతలు అరిగిన బూటు, పాలిష్ చేసిన రాయి కలిస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. మన దేశంలో రక్షణ పాదరక్షలకు భారతీయ ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 15298 ప్రమాణం ఉంది. కొనేటప్పుడు ఆ ముద్ర చూడాలి.

ఇన్ని చెప్పినా, అసలు కారణం చాలాసార్లు గడియారంలో ఉంటుంది. ఉత్పత్తి ఆపకుండానే కడగాలి, కడిగిన నేల ఆరకముందే ట్రాలీ నడవాలి. ఘారీ సీజనులో గచ్చు మీద పడ్డ నెయ్యిని వేడినీళ్లతో, డిటర్జెంటుతో కడగడానికి పావుగంట పడుతుంది. పావుగంట పని ఆపే అధికారం గచ్చు మీద నిలబడ్డ మనిషికి ఉందా లేదా అన్నదే ఆ కార్ఖానా భద్రతకు గీటురాయి. చీపురుతో నీళ్లు చల్లి నెట్టేస్తే నెయ్యి పోదు, ఇంకాస్త పలుచగా, ఇంకాస్త దూరం పరచుకుంటుంది.

ఎత్తు నుంచి పడటం

నేల మీద జారడం కన్నా తక్కువసార్లు జరిగినా, ప్రాణాలు తీసేది ఎత్తు నుంచి పడటమే. చక్కెర మిల్లు పాన్ అంతస్తు, నూనె ట్యాంకు నిచ్చెన, గోధుమ సైలో పైభాగం, పాల ట్యాంకరు మూత, ఇవన్నీ రోజూ ఎక్కి దిగే చోట్లే. పాల ట్యాంకరు మీదికెక్కి మూత తీసి నమూనా తీసే మనిషి నిలబడేది తడిసిన ఉక్కు మీద, నేలకు రెండు మనుషుల ఎత్తున. పక్కన కమ్మీలున్న ప్లాట్‌ఫారం కట్టించడానికి అయ్యే ఖర్చు ఆ ట్యాంకరులో ఒక రోజు మోసే పాల విలువతో పోల్చదగ్గదే.

మన గుంటూరు మిర్చి శీతల గిడ్డంగుల్లో హమాలీలు బస్తా భుజాన వేసుకుని అంతస్తుల మీద అంతస్తులుగా కట్టిన చెక్క అరలకు ఎక్కుతారు. వెలుతురు తక్కువ, చలి ఎక్కువ, రెండు చేతులూ బస్తా మీదే. నిచ్చెన ఎక్కేటప్పుడు రెండు చేతులు, ఒక కాలు, లేదా రెండు కాళ్లు, ఒక చేయి ఎల్లప్పుడూ నిచ్చెనను తాకి ఉండాలన్న సూత్రం ఆ పనిలో సాధ్యమే కాదు. కనుక అక్కడ నిచ్చెన గురించి జాగ్రత్తలు చెప్పడం కంటే బస్తాలను పైకి చేర్చే లిఫ్టు గురించి అడగడం న్యాయం. ఆనించే నిచ్చెనలకు మాత్రం ఒక సులభమైన లెక్క ఉంది. నాలుగు అడుగుల ఎత్తుకు ఒక అడుగు చొప్పున పాదం గోడకు దూరంగా ఉండాలి.

పైకప్పుల సంగతి మరీ ముఖ్యం. సూరత్‌లో జూన్ రెండో పక్షంలో వానలు మొదలవుతాయి. ఆ ముందువారాల్లో కర్మాగారాల సిమెంటు రేకుల కప్పుల మీద మరమ్మతులకు మనుషులను ఎక్కిస్తారు. పాతబడిన సిమెంటు రేకు మనిషి బరువును ఆపలేదు. వెలుతురు కోసం మధ్యమధ్య బిగించిన ఫైబర్ రేకు దుమ్ము పట్టి పక్క రేకుల రంగులోకే వచ్చేస్తుంది, కాలు వేసేదాకా తేడా తెలియదు. రేకు మీద నేరుగా అడుగు పెట్టకుండా వాసాల మీద ఆనేలా వెడల్పాటి చెక్కలు వేయడం, నడుముకు కాక శరీరమంతా పట్టే బెల్టు కట్టి దాని తాడును దృఢమైన దూలానికి బిగించడం, కింద వల కట్టడం, ఇవి లేకుండా ఆ పని ఒప్పుకోకూడదు. ఎక్కువసార్లు ఈ పనికి వచ్చేది కర్మాగారం మనిషి కాదు, ఒక్కరోజు కూలీకి పిలిచిన మనిషి. అతని పేరు హాజరు పట్టీలో కూడా ఉండకపోవచ్చు.

ట్యాంకులోకి పడితే

తెలుగు నేల మీద ఆహార పరిశ్రమలో జరిగిన అత్యంత ఘోరమైన ఘటనల్లో ఒకటి 2023 ఫిబ్రవరి 9న కాకినాడ జిల్లా పెద్దాపురం మండలం జి.రాగంపేటలో జరిగింది. ఒక వంటనూనెల కర్మాగారంలో ట్యాంకును శుభ్రం చేసేందుకు ఒకరి తరువాత ఒకరు దిగిన ఏడుగురు కార్మికులు ఊపిరాడక మరణించారు. వారిలో ఐదుగురు పాడేరు ప్రాంతం నుంచి పని వెదుక్కుంటూ వచ్చినవారు. అంతకు ముందు, 2017 మార్చి 30న, పశ్చిమగోదావరి జిల్లా మొగల్తూరు దగ్గర ఒక ఆక్వా ఉత్పత్తుల కర్మాగారంలో వ్యర్థజలాల ట్యాంకు శుభ్రపరిచే పనిలో ఐదుగురు యువకులు ప్రాణాలు కోల్పోయారు.

ఇవి పడిపోయే ప్రమాదాల కోవలోకి ఎలా వస్తాయన్న సందేహం రావచ్చు. మూసిన ట్యాంకులో మిగిలిన నూనె, కుళ్లిన వ్యర్థాలు, తుప్పు పట్టే ఇనుము కూడా గాలిలోని ప్రాణవాయువును హరిస్తాయి. వ్యర్థాలు కుళ్లే చోట హైడ్రోజన్ సల్ఫైడ్ వంటి విషవాయువులు పుడతాయి. నిచ్చెన మీద ఉన్న మనిషికి క్షణాల్లో స్పృహ తప్పుతుంది, చేయి పట్టు వదులుతుంది, అడుగుకు పడిపోతాడు. పైనున్నవారికి కనిపించేది అతడు జారిపడటమే. అందుకే తోటివాడు రక్షించడానికి వెంటనే దిగుతాడు. ట్యాంకులో మనిషి పడితే మొదట అనుకోవలసింది ‘గాలి లేదు’ అని. దిగకూడదు. తాడుతో పైకి లాగాలి, లేదా శ్వాస పరికరాలతో అగ్నిమాపక సిబ్బంది వచ్చేదాకా బయటి నుంచి గాలి పంపాలి.

ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్ ఈ పరిస్థితిని ముందే ఊహించింది. లోపలి గాలిని పరీక్షించి, దిగవచ్చని అర్హుడైన వ్యక్తి లిఖితపూర్వకంగా ధ్రువీకరించాలి. లేదా దిగేవారికి శ్వాస పరికరం ఉండాలి, నడుముకు కట్టిన తాడు కొస బయట నిలబడ్డ మనిషి చేతిలో ఉండాలి. కాగితం, తాడు, బయట ఒక మనిషి. ఏడు ప్రాణాలకు ఇంతకన్నా ఖరీదైన ఏర్పాటు అక్కరలేదు.

పడిన తరువాత మొదటి గంట

పడినవారిని చంకల్లో చేతులు వేసి లేవదీయడం మన అలవాటు. ఎత్తు నుంచి పడినవారిని, నడుం లేదా మెడ నొప్పి అంటున్నవారిని, కాళ్లలో తిమ్మిరి ఉందన్నవారిని కదల్చకూడదు. వెన్నుపూస విరిగి ఉంటే ఆ కదలికే వెన్నుపామును శాశ్వతంగా దెబ్బతీయవచ్చు. తల తగిలినవారు లేచి నడిచినా, ఆ తరువాత వాంతులు, మగత, మాట తడబడటం, కంటిపాపల పరిమాణంలో తేడా కనిపిస్తే ఆలస్యం లేకుండా ఆసుపత్రికి తరలించాలి. వేడి నూనె లేదా కాస్టిక్ మీద పడ్డవారికి పారే చల్లని నీటితో కనీసం 20 నిమిషాలు కడగాలి. మంచు, పేస్టు, పసుపు పెట్టకూడదు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 అత్యవసర సేవ గుజరాత్‌లోనూ 2007 నుంచి అదే అంకెతో నడుస్తోంది.

సూరత్‌లో మజూరా గేటు దగ్గరి న్యూ సివిల్ ఆసుపత్రి, ఉమర్‌వాడా వద్ద నగరపాలక సంస్థ నడిపే స్మీమేర్ ఆసుపత్రి పెద్ద ప్రభుత్వ వైద్యశాలలు. వాటిలో ఏ ఆసుపత్రికి వెళ్లినా మొదటి చీటీలో ‘ఎలా జరిగింది’ అన్న చోట రాసే ఒక వాక్యం తరువాతి ఏళ్లన్నిటినీ నిర్ణయిస్తుంది. ‘ఇంట్లో జారిపడ్డాడు’ అని రాస్తే ఆ గాయానికి కర్మాగారంతో సంబంధం తెగిపోతుంది. గుజరాతీ రాని కార్మికుని తరఫున మాట్లాడేది చాలాసార్లు కాంట్రాక్టరు పంపిన మనిషే. కనుక గుజరాతీ తెలిసిన సొంతమనిషి ఒకరు వెంట ఉండటం, చీటీలో కర్మాగారం పేరు, స్థలం, సమయం, నేల మీద ఏముందో రాయించుకోవడం మందుల కన్నా తక్కువ అవసరమేమీ కాదు. వీలైతే ఆ చోటిని ఫోనుతో ఫొటో తీయాలి. గంటలోపే గచ్చును కడిగి ఆరబెట్టేస్తారు.

పరిహారం ఎవరు ఇస్తారు

దశాబ్దాల పాటు అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టంతో సహా 13 చట్టాలను కలిపి 2020లో చేసిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. విద్యుత్తు వాడే చోట కర్మాగారంగా పరిగణించడానికి కార్మికుల సంఖ్య 10 నుంచి 20కి పెరిగింది. చిన్న మిఠాయి కార్ఖానాలు ఎన్నో ఇందువల్ల కర్మాగారం నిర్వచనం దాటిపోతాయన్నది గమనించవలసిన విషయం. మరోవైపు జరిమానాలు పెరిగాయి. యజమాని విధుల ఉల్లంఘన వల్ల మరణం సంభవిస్తే రెండేళ్ల వరకు జైలు, లేదా 5 లక్షల రూపాయలకు తగ్గని జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఆ జరిమానాలో కనీసం సగం బాధితునికి లేదా వారసులకు ఇవ్వాలని కోర్టు ఆదేశించవచ్చు. గాయపడిన కార్మికుడు 48 గంటలు లేదా అంతకు మించి పనికి రాలేకపోతే ప్రమాదాన్ని అధికారులకు తెలపాలన్న పాత నియమం కొత్త కోడ్‌లోనూ ఉంది. కట్టుతో ఉన్న మనిషిని రెండో రోజే పిలిచి కుర్చీలో కూర్చోబెట్టి హాజరు వేయడం వెనుక ఉన్న లెక్క ఇదే.

కార్మిక రాజ్య బీమా, అంటే ఈఎస్ఐ, 10 మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థల్లో నెలకు 21,000 రూపాయల వరకు వేతనం ఉన్నవారికి వర్తిస్తుంది. యజమాని 3.25 శాతం, కార్మికుడు 0.75 శాతం చెల్లిస్తారు. పనిలో గాయపడితే కోలుకునే వరకు వేతనంలో 90 శాతం లభిస్తుంది. దీనికి ఇన్ని రోజులు చందా కట్టి ఉండాలన్న షరతు లేదు, చేరిన మొదటి రోజే పడినా హక్కు ఉంటుంది. ఇంటి నుంచి పనికి వెళ్లే దారిలో జరిగే ప్రమాదాలకూ ఇది వర్తించగలదు. ప్రమాదాన్ని కర్మాగారంలోని ప్రమాదాల పుస్తకంలో నమోదు చేయించడం మొదటి మెట్టు.

ఈఎస్ఐ లేనివారికి యజమాని నేరుగా పరిహారం చెల్లించాలి. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం లెక్క ప్రకారం మరణానికి నెల వేతనంలో సగాన్ని వయసును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చించాలి. లెక్కకు తీసుకునే వేతనం గరిష్ఠంగా 15,000 రూపాయలు. 30 ఏళ్ల వయసుకు గుణకం 207.98. అంటే 7,500 ను 207.98 తో హెచ్చిస్తే 15,59,850 రూపాయలు. పూర్తి శాశ్వత వైకల్యానికి సగానికి బదులు 60 శాతం. పనిని కాంట్రాక్టరుకు అప్పగించామని కర్మాగారం తప్పించుకోలేదు. పని ఎవరిదో వారే మొదట చెల్లించి, తరువాత కాంట్రాక్టరు నుంచి రాబట్టుకోవాలి. ఈ బాధ్యతలు ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లో చేరాయి.

ఇక్కడే మొదటి ప్రశ్నకు సమాధానం ఉంది. ‘నీ అజాగ్రత్త వల్లే పడ్డావు’ అనేది పరిహారాన్ని నిరాకరించడానికి చట్టం ఒప్పుకునే కారణం కాదు. మద్యం మత్తు, భద్రతా నియమాన్ని కావాలని ధిక్కరించడం, రక్షణ పరికరాన్ని కావాలని తొలగించడం మాత్రమే మినహాయింపులు. మరణం గాని, పూర్తి శాశ్వత వైకల్యం గాని సంభవించినప్పుడు అవి కూడా అడ్డు రావు. చూసుకోకుండా అడుగు వేయడం ఈ మూడింటిలో ఏదీ కాదు.

భద్రతా నియమాన్ని ధిక్కరించాడనాలంటే అది అతనికి అర్థమయ్యేలా చెప్పి ఉండాలి కదా. ఫ్యాక్టరీల చట్టం ప్రకారం గోడ మీది ప్రకటనలు ఇంగ్లీషులోను, అక్కడి మెజారిటీ కార్మికులకు తెలిసిన భాషలోను ఉంటే సరిపోయేది. సూరత్ కర్మాగారంలో అది గుజరాతీ లేదా హిందీ అవుతుంది. తెలుగువారు, ఒడియావారు ఆ మెజారిటీలో ఉండరు. ‘తడి నేల, జాగ్రత్త’ అన్న బోర్డు మీద జారుతున్న మనిషి బొమ్మ ఒక్కటే వారు చదవగలిగేది. నగరపాలక సంస్థ తెలుగు బడిలో చదివిన పిల్లలున్న ఇళ్లలో, తండ్రికి వచ్చే ఈఎస్ఐ కాగితాలను చదివి చెప్పేది ఆ పిల్లలే. ఫిర్యాదులకు, తనిఖీ కోరడానికి గుజరాత్ పారిశ్రామిక భద్రత, ఆరోగ్య డైరెక్టరేట్‌కు సూరత్‌లో ప్రాంతీయ కార్యాలయం ఉంది. దరఖాస్తులో ఏ యంత్రం దగ్గర, ఏ గచ్చు మీద, రోజుకు ఎన్ని గంటలు నీరు లేదా నూనె నిలుస్తోందో రాస్తే తనిఖీకి వచ్చే అధికారి నేరుగా ఆ చోటికే వెళ్లగలుగుతారు.